కడచూపు

యాభై రెండో ఏట
హెల్మెట్ కొలతకి తల వంచాను.
"బుగ్గలు నొక్కుకుపోవాలమ్మా, అప్పుడే సరైన సైజు"
అన్నాడు కొట్టతను టేపు చుడుతూ.
అద్దంలో నా మొహం
బన్ను నోట్లో కుక్కుకున్న పసిపిల్లలా ఉంది.
మా ఆయన ఇడ్వాల్ నవ్వాడు. నేనూ నవ్వాను.
ఆ రాత్రి అన్నాల వేళదాకా
దాన్ని తలమీంచి తియ్యబుద్ధి కాలేదు.

బేకరీలో నా పని రాత్రి రెండింటికి మొదలు.
ఆ వేళకి డోల్గెథ్లైకి బస్సు లేదు,
దారిలో దీపం లేదు.
అందుకని నూట పాతిక సీసీ పాత హోండా.
దాని వెనక తెల్ల పలక మీద ఎర్రగా 'డి'.
వేల్స్ భాషలో నేర్చుకునేవాళ్ళ గుర్తు అది.
నేర్చుకుంటున్నానని
ఈ వయసులో ఊరంతటికీ చూపించుకుంటూ తిరగడం
మొదట సిగ్గేసింది, తర్వాత బాగుంది.

నేర్పింది గొరాన్వీ. కుడికాలు కాస్త ఈడుస్తాడు.
ఆదివారాలు, గొర్రెల సంత ఖాళీ చేసిన చప్టా మీద
నారింజరంగు శంకువులు పేర్చి
"శంకువుని చూడకు, పోవాల్సిన చోటు చూడు" అనేవాడు.
నేను శంకువునే చూశాను.
శంకువు మీదికే పోయాను.
చూపెటో బండీ అటే అన్న సంగతి
బుర్రకంటే ముందు మోకాలికి ఎక్కింది.

ఆగి ఉన్న బండి మీంచి కూడా పడొచ్చని
నాకు తెలియదు.
పడ్డాను.

వాన వెలిసిన రోడ్డు మీద
ఇంద్రధనుస్సు కనిపిస్తే మురిసిపోకు, అది డీజిలు.
పశువులు దాటకుండా పరిచిన ఇనప కమ్మీలు
తడిస్తే సబ్బుబిళ్ళలు, తిన్నగా దాటు, బ్రేకు ముట్టకు.
కారువాడు నీ కళ్ళలోకి చూసినా
నిన్ను చూశాడనుకోకు.
అరగంటే కదా అని చేతితొడుగులు మానకు,
పడేటప్పుడు ముందు నేలని పలకరించేవి చేతులే.
ఇన్ని చెప్పాక, కాలు సర్దుకుని ఇంకొకటి:
తిరిగేముందు అద్దం చూశావా, సైగ ఇచ్చావా,
అయినా మళ్ళీ ఒక్కసారి భుజం మీదుగా వెనక్కి చూడు.
అద్దం దాచింది మెడ చెబుతుంది.

ఆఖర్న చూసేది గనక కడచూపు అని పేరు పెట్టుకున్నాను.
అంతవరకూ నాకు తెలిసిన కడచూపు ఒక్కటే,
అమ్మ పెట్టెకి మూత వేసేముందు చూసినది.

ఫిబ్రవరిలో ఒక పొద్దున
ఒళ్ళంతా పిండి, కళ్ళనిండా నిద్ర.
పలకరాయి గోడ పక్కన మా సందు, కుడివైపు.
అద్దం చూశాను, ఖాళీ. సైగ ఇచ్చాను.
ఇల్లు కనిపిస్తూనే ఉంది, పొయ్యిగొట్టం పొగతో సహా.
మెడ తిప్పడానికి బద్ధకం వేసింది, నిజం చెబుతున్నాను.
అయినా తిప్పాను.

అద్దంలో లేని వ్యాను
నా మోచేతి దగ్గర ఉంది.

దాని గాలి నా కోటు అంచు లాగి వదిలేసింది.
మడమలు నేలకి ఆనించి ఇంజను ఆపాను.
తాళంచెవి గలగలలాడుతుంటే
ఆ చప్పుడు చలికి అనుకున్నాను.
గోడవతల గొర్రె నన్ను చూసింది,
నమలడం మాత్రం ఆపలేదు.

వచ్చే ఆదివారం గొరాన్వీకి చెప్పాను.
భేష్ అనలేదు.
కుడికాలి వైపు చూసుకుని
"ఆవేళ నాకు మెడ పట్టేసింది" అన్నాడు.
కాసేపాగి,
"నీ గొలుసు వదులైంది, బిగించి నూనె వెయ్యి" అన్నాడు.

ఇడ్వాల్‌కి ఇంకా చెప్పలేదు.

ఇప్పుడు బేకరీలో రొట్టెల బండి తోసేటప్పుడు కూడా
మూల తిరిగేముందు భుజం మీదుగా చూస్తాను.
పిండి పిసికే పిల్ల మెలేరికి అదొక వేళాకోళం.
"ఎవరున్నారు ఆంటీ వెనక?" అంటుంది.
ఎవరూ లేరు అంటాను.
చూశాక కదా తెలిసింది.